అకౌంటింగ్ తరగతిలో తోమా

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు స్ప్రింగ్ ఆర్బర్ చిన్న ఊరు. 1873లో ఫ్రీ మెథడిస్టు అనే క్రైస్తవ శాఖవారు నెలకొల్పిన విద్యాలయమే ఆ ఊరికి ఆనవాలు. ఇప్పుడది విశ్వవిద్యాలయం, అప్పట్లో కాలేజీ. 1990ల మొదట్లో ఆల్బర్ట్ మేయర్ అనే దక్షిణాఫ్రికా దేశస్థుడు అక్కడ అకౌంటింగ్ చెప్పడానికి చేరారు. పాఠాలతో పాటు కాలేజీ ఆఫీసులో కొద్ది గంటలు లెక్కలు చూడటం కూడా ఆయన పనే. ఒకనాడు బ్యాంకు పద్దులు సరిచూస్తుండగా 2,94,000 డాలర్లు ‘హెరిటేజ్ ఆఫ్ వాల్యూస్ ఫౌండేషన్’ అనే సంస్థకు బదిలీ అయినట్టు కంటపడింది. అంత చిన్న కాలేజీకి అది పెద్ద మొత్తం. ఆరా తీస్తే ఆ పేరు వెనుక ఫిలడెల్ఫియా శివార్లలోని ‘న్యూ ఎరా ఫిలాంత్రపీ’ అనే మరో ఫౌండేషన్ ఉందని తేలింది.

న్యూ ఎరా పథకం వినడానికి ఇంపుగా ఉండేది. కాలేజీ గానీ, మిషన్ సంస్థ గానీ, మ్యూజియం గానీ కొంత సొమ్ము తెచ్చి తమ దగ్గర కొన్ని నెలలు ఉంచాలి. గడువు తీరేసరికి, పేరు బయటపెట్టడం ఇష్టంలేని గొప్ప దాతలు దానికి అంతకు అంత కలుపుతారు. లక్షకు రెండు లక్షలు. అసలు సంగతి ఏమిటంటే ఆ దాతలు లేరు. ముందు చేరినవారికి ఇస్తున్నది వెనుక చేరినవారి సొమ్మే. అధిక వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు పట్టుకుపోయిన కంపెనీలను చూసిన తెలుగువారికి ఈ కథ కొత్త కాదు. ఇక్కడ వడ్డీ స్థానంలో దైవకృప ఉంది, అంతే తేడా.

మేయర్ చేసిన పని చూస్తే గూఢచర్యంలా ఏమీ అనిపించదు. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఆదాయపన్ను శాఖకు ‘ఫారం 990’ దాఖలు చేయాలి. అడిగినవారికి ఆ ఫారం చూపించాలన్నది చట్టం. 1993 సంవత్సరానికి న్యూ ఎరా దాఖలు చేసిన ఫారంలో వడ్డీ ఆదాయం సుమారు 34,000 డాలర్లని ఉంది. వచ్చిన డిపాజిట్లను సురక్షితమైన ప్రభుత్వ బాండ్లలో పెడుతున్నామని సంస్థ చెప్పుకొనేది. ఆ ఏడాది స్వల్పకాలిక ప్రభుత్వ బాండ్లపై వడ్డీ దాదాపు మూడు శాతం. 34,000ను మూడు శాతంతో వెనక్కి లెక్కకడితే అసలు పదకొండు లక్షల డాలర్ల చిల్లర తేలుతుంది. కానీ అప్పటికే సంస్థ చేతిలోకి కోట్ల డాలర్లు వచ్చి ఉండాలి. మరి ఆ కోట్లు ఎక్కడున్నాయి? హైస్కూలు పిల్లవాడు వేయగల లెక్క ఇది. వందల సంస్థల ధర్మకర్తలు, వాళ్ళ సలహాదారులు, వాళ్ళ ఆడిటర్లు ఎవరూ వేయలేదు.

పైవాళ్ళకు చెప్పినా చెవిన పెట్టలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాని అధ్యాపకుడు, పైగా విశ్వాసుల మధ్య అపనమ్మకం నాటుతున్న మనిషి. కాలేజీ ఆ తర్వాత కూడా న్యూ ఎరాకు డబ్బు పంపింది. మేయర్ ప్రభుత్వ శాఖలకు రాశారు, పత్రికలకు చెప్పారు. 1995 మే 15న న్యూ ఎరా దివాలా పిటిషన్ వేసింది. అప్పులు 55 కోట్ల డాలర్లు, ఆస్తులు 8 కోట్లు. నడిపిన జాన్ బెన్నెట్‌కు 1997లో పన్నెండేళ్ళ జైలుశిక్ష పడింది. మేయర్ ఆ తర్వాత అధ్యాపక వృత్తి వదిలి, కంపెనీల లెక్కల్లో లొసుగులు పట్టే పరిశోధన వైపు వెళ్ళారు.

క్రైస్తవ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదవడం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ సంస్థల ప్రచార పత్రాలకన్నా ఈ ఒక్క ఉదంతం ఎక్కువ చెబుతుంది. ఎందుకంటే ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే జంటపద్దుకు మతం లేదు. డెబిట్, క్రెడిట్ ఏ గుడిలోనైనా, ఏ చర్చిలోనైనా సరిసమానం కావాల్సిందే. తేడా వచ్చేది మరోచోట. ఆడిటర్ వృత్తికి మూలధనం సందేహం. విశ్వాస సమాజానికి మూలధనం నమ్మకం. ఈ రెండింటినీ ఒకే కప్పు కింద నేర్పుతామనే విద్యాలయం ఆ సందేహాన్ని తన ఇంటి లెక్కల మీద కూడా ప్రయోగించనిస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష. 1990లలో స్ప్రింగ్ ఆర్బర్ పరీక్ష తప్పింది, కానీ ఆ పరీక్ష పెట్టిన అధ్యాపకుడిని కూడా అదే కాలేజీ నియమించుకుంది. ఈ రెండో సంగతిని మరిచిపోవడం అన్యాయం.

పాఠ్యక్రమం సంగతి త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే అందులో విశేషం తక్కువ. అమెరికాలో ఆడిట్ నివేదిక మీద సంతకం పెట్టాలంటే సి.పి.ఎ. (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) లైసెన్సు ఉండాలి. పరీక్షలో నాలుగు భాగాలు, ఒక్కోటి నాలుగు గంటలు, ఒక్కోదానిలో 75 స్కోరు రావాలి. 2024 జనవరి నుంచి మూడు భాగాలు అందరికీ ఉమ్మడి, నాలుగోది మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఈ పరీక్ష ఏ దేవుడి పేరూ అడగదు. అందుచేత టెక్సస్‌లోని బేలర్‌లో, ఇండియానాలోని కాథలిక్ విశ్వవిద్యాలయం నోట్రడామ్‌లో, పక్కనున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ పుస్తకాలు దాదాపు ఒకటే. లీజులను ఎలా చూపాలి, ఆదాయాన్ని ఎప్పుడు గుర్తించాలి అన్నవి మారవు.

మారేది చుట్టూ ఉన్నది. ఒహాయోలోని సీడార్‌విల్ విశ్వవిద్యాలయంలో ఏ డిగ్రీ చదివేవారైనా బైబిల్‌ను ఉపవిషయంగా చదవాలి, అది 15 క్రెడిట్ అవర్లు (వారానికి ఎన్ని గంటల తరగతో చూసి కోర్సుకు వేసే తూకం). చాలాచోట్ల ప్రార్థనా సమావేశాలకు హాజరు ఉంటుంది. కొన్నిచోట్ల చేరేముందే విశ్వాస ప్రకటన మీదనో, ప్రవర్తనా నియమావళి మీదనో సంతకం పెట్టాలి. మద్యం, పొగాకు, పెళ్ళికి ముందు సహజీవనం వంటివన్నీ అందులోకి వస్తాయి. కాథలిక్ సంస్థలలో ఈ పట్టు సాధారణంగా సడలుగా ఉంటుంది. క్రైస్తవేతర విద్యార్థులను చేర్చుకోవడం వాటికి పాత అలవాటు. యూటాలో మోర్మన్ సంఘం నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ దేశంలోనే మేటి వాటిలో ఒకటి. అక్కడ సొంత సంఘ సభ్యులకన్నా బయటివారికి ఫీజు రెట్టింపు. మోర్మన్‌లను క్రైస్తవులుగా లెక్కించాలా వద్దా అని ఇతర శాఖలకు ఓ తగవుంది, దాన్ని తీర్చడం అకౌంటెంట్ల పని కాదు.

ఇక్కడ ఒక చిత్రమైన లెక్క ఉంది. మామూలు డిగ్రీకి 120 క్రెడిట్ అవర్లు చాలు. లైసెన్సుకు మాత్రం 150 కావాలని రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి నియమం పెట్టాయి. 1983లో ఫ్లోరిడా మొదలుపెట్టింది. అయితే ఆ 150లో అకౌంటింగ్, వ్యాపార విషయాలు ఇన్ని ఉండాలని చెప్పి, మిగతావి ఏవైనా ఫరవాలేదన్నాయి చాలా రాష్ట్రాలు. అంటే ప్రవక్తల గ్రంథాల మీద తీసుకున్న మూడు క్రెడిట్లు కూడా లైసెన్సు గోనెలో పడతాయి. బైబిల్ కోర్సులు తప్పనిసరి చేసిన సంస్థలకు ఇది అనుకోని వరం, వాళ్ళ విద్యార్థికి ఆ గంటలు వృథా కాలేదు. ఇప్పుడా నియమమే కరుగుతోంది. 2025 జనవరిలో ఒహాయో చట్టం మార్చింది. 2026 నుంచి అక్కడ డిగ్రీ, రెండేళ్ళ అనుభవం, పరీక్ష ఉంటే చాలు. మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అయిదో ఏడాది ఫీజు మీద ఆశపెట్టుకున్న చిన్న ప్రైవేటు కాలేజీలకు ఈ మార్పు నష్టం. అప్పు చేసి చదివే విద్యార్థికి మాత్రం ఊరట.

విశ్వాసాన్ని చదువులో కలుపుతామన్న మాట ఈ సంస్థలన్నీ అంటాయి. తరగతిలో ఆ కలపడం ఎలా ఉంటుంది? నాసిరకం పద్ధతి ఒకటి ఉంది. గంట మొదట్లో ఒక బైబిల్ వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఆ తర్వాత తరుగుదల లెక్కలు మామూలుగా చెప్పడం. బియ్యంలో రంగు గింజలు నాలుగు చల్లినట్టు ఉంటుందది. బైబిల్లోనే అకౌంటింగ్ ఉంది కదా అని దానిలోపలికి వెళ్ళినప్పుడు సంగతి వేరు.

నిజంగానే ఉంది. యేసు చెప్పిన ఒక కథలో యజమాని ప్రయాణమై వెళుతూ దాసులకు తలాంతులు, అంటే పెద్ద మొత్తాల సొమ్ము, అప్పగించి, తిరిగివచ్చి లెక్క చూసుకుంటాడు. అన్యాయపు గృహనిర్వాహకుడి కథలో యజమాని అడిగేదీ నీ లెక్క అప్పగించు అనే. సొమ్ము ఒకరిది, నిర్వహణ ఇంకొకరిది, ఇద్దరి మధ్యా నివేదిక ఉండాలన్న ఆలోచన మీదే నేటి కంపెనీ అకౌంటింగ్ మొత్తం నిలబడి ఉంది. యేసు శిష్యబృందం సంగతి మరీ ఆసక్తికరం. పన్నెండుమందిలో లెక్కలు తెలిసినవాడు సుంకరి మత్తయి. అకౌంటెంట్లు తమ రక్షక పునీతుడిగా చెప్పుకునేది ఆయననే. డబ్బు సంచి మాత్రం యూదా ఇస్కరియోతు దగ్గర ఉండేది, అందులోంచి అతను కాజేసేవాడని యోహాను సువార్త నిర్మొహమాటంగా రాసింది. కోశాధికారిని ఎవరూ తనిఖీ చేయలేదన్నమాట. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు జాగ్రత్తపరుడు. యెరూషలేము పేదలకు చందా మోసుకువెళ్ళేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకూడదని తోడుగా ఇతరులను పంపే ఏర్పాటు చేశాడు. ఆడిట్ పుస్తకాల్లో దీనికి అంతర్గత నియంత్రణ అని పేరు.

అందరికన్నా ఈ వృత్తికి దగ్గరివాడు ఆ పన్నెండుమందిలో ఒకడైన తోమా. సిలువ మీద చనిపోయిన యేసు తిరిగి లేచాడని తోటివారు పదిమంది సాక్ష్యం చెప్పినా ఒప్పుకోలేదు. గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు. సరుకు గోదాములో ఉందని మేనేజరు చెబితే చాలదు, వెళ్ళి లెక్కపెట్టాలి అన్న ఆడిట్ నియమం ఇదే. కానీ ఆ ఘట్టం ముగిసేది చూడక నమ్మినవారు ధన్యులు అన్న మాటతో. ఆ ధన్యత ఆడిటర్‌కు దక్కదు, దక్కకూడదు. ఆదివారం చూడక నమ్మమని, సోమవారం చూసినా రెండోసారి చూడమని ఒకే మనిషికి నేర్పాలి. మంచి అధ్యాపకులు ఈ ఇరుకును దాచరు, దానిమీదే ఒక గంట చర్చ నడుపుతారు.

జంటపద్దు విధానాన్ని మొదట అచ్చులోకి తెచ్చిన లూకా పచోలీ ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో వర్తకుల పద్దుల మీద ఒక భాగం రాశాడు. లెక్క దేవుడి పేరుతో మొదలుపెట్టాలనీ, మొదటి పుస్తకాల మీద సిలువ గుర్తు వేయాలనీ అందులో ఉంది. మన వర్తకులు చిట్టా, ఆవర్జాల తొలి పుట మీద ‘శ్రీ’ రాసినట్టే. అయితే ఆ పక్కనే పచోలీ మరో సంగతి రాశాడు. కొందరు వర్తకులు రెండు జతల పుస్తకాలు పెట్టి, కొన్నవారికి ఒకటి, అమ్మినవారికి మరొకటి చూపుతారని. సిలువ గీసిన పుస్తకంలోనూ దొంగ పద్దు పడుతుందని సన్యాసికి తెలుసు. అయిదు శతాబ్దాల తర్వాత కొందరు ధర్మకర్తలకు తెలియలేదు.

మిసిసిపీ రాష్ట్రం, క్లింటన్ పట్టణం. 1826 నాటి బాప్టిస్టు విద్యాలయం మిసిసిపీ కాలేజీ అక్కడే ఉంది. వరల్డ్‌కామ్ అనే టెలిఫోను దిగ్గజం ప్రధాన కార్యాలయమూ అక్కడే ఉండేది. కంపెనీ అధిపతి బెర్నార్డ్ ఎబర్స్ ఆ కాలేజీలో చదివినవాడు, చర్చిలో సండే స్కూలు పాఠాలు చెప్పేవాడు. తనకు అకౌంటింగ్ తెలియదని తర్వాత కోర్టులో వాదించాడు. ఆయన కంపెనీ చేసిన మోసం మాత్రం అకౌంటింగ్ మొదటి ఏడాది పాఠమే. ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు చెల్లించే అద్దెను ఖర్చులో రాయాలి. వాళ్ళు దాన్ని ఆస్తిగా రాశారు. ఇంటి అద్దె కట్టి, ఇల్లు కొన్నానని పద్దు రాసుకున్నట్టు. ఖర్చు తగ్గింది, లాభం పెరిగింది, షేరు నిలబడింది. 2002 జూన్‌లో బయటపడినప్పుడు మొత్తం 380 కోట్ల డాలర్లు, తవ్వుతూపోగా సుమారు 1,100 కోట్లకు చేరింది.

ఈ కథలో ఆలోచించవలసింది ఎబర్స్ భక్తి గురించి కాదు. ఆ తప్పుడు పద్దులు కంప్యూటర్‌లో ఎక్కించినవారు మధ్యస్థాయి అకౌంటెంట్లు. తప్పని తెలుసు. ఈ మూడు నెలలకే, ఇంకెప్పుడూ అడగం అన్నారు పైవాళ్ళు. ఇల్లు, పిల్లలు, జీతం గుర్తుకొచ్చాయి. రాజీనామా లేఖలు రాసుకుని కూడా ఇవ్వలేదు. పట్టుకున్నది అంతర్గత ఆడిట్ విభాగాధిపతి సింథియా కూపర్. అదే క్లింటన్‌లో పెరిగిన మనిషి. ఆమె బృందం పగలు మామూలు పని చేస్తూ, ఎవరికీ అనుమానం రాకుండా రాత్రిళ్ళు పద్దులు వెదికింది. ఆమె చదివింది ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో. కనుక ఏ కాలేజీ చదువు నిజాయితీకి పూచీ అన్న వాదం ఇటూ నిలవదు, అటూ నిలవదు. తరగతి ఇవ్వగలిగేది ముందస్తు అభ్యాసం. ఈ ఒక్క మూడు నెలలకే అన్న మాట వినపడగానే అది ఎక్కడికి పోతుందో తెలిసి ఉండటం. ఉద్యోగం మొదటి ఏడాదిలోనే ఆ మాట వినవలసి రావచ్చు.

క్రైస్తవ విద్యాలయానికి ఇందులో మరో చిక్కు ప్రత్యేకంగా ఉంది. నీ సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా కలిసి చెప్పు, వినకపోతే ఇద్దరు ముగ్గురితో వెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అంటుంది మత్తయి సువార్త 18వ అధ్యాయం. విశ్వాసుల తగవులు బయటి కోర్టులకెక్కడమేమిటని పౌలు కొరింథీయులను మందలించాడు. మనుషుల మధ్య మనస్పర్ధలకు ఇవి మంచి సూత్రాలు. మోసం విషయంలో మాత్రం నిలువునా ముంచుతాయి. మోసాలు విచారించేవారు చెప్పేది సరిగ్గా తలకిందులు. ముందు కాగితాలు భద్రపరచు, చుట్టూ ఉన్నవారిని అడుగు, అనుమానితుడిని చివర్న పిలువు. ఒంటరిగా కలిసి ముందే చెబితే తెల్లారేసరికి కాగితాలు ఉండవు. అక్కడ ఆ అధ్యాయం వర్తించదని పాఠం చెప్పే ధైర్యం కావాలి. వ్యక్తిగత గాయం వేరు, పరుల సొమ్ము వేరు. ఈ గీత స్పష్టంగా గీసే తరగతి ఒక్కటి దొరికినా క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదివినందుకు ఫలితం దక్కినట్టే. బయట ఆ ప్రశ్నే పుట్టదు.

ప్రశ్న పుట్టకపోతే ఏమవుతుందో అరిజోనాలో తేలింది. అక్కడి బాప్టిస్టు ఫౌండేషన్ చర్చి సభ్యుల పొదుపు సొమ్ము తీసుకుని వడ్డీ ఇచ్చేది, కొంత భాగం దేవుని పనికి పోతుందనేది. పెట్టినవారిలో రిటైరైన వృద్ధులు ఎక్కువ. స్థిరాస్తుల ధరలు పడి వచ్చిన నష్టాలను అనుబంధ సంస్థల్లో దాచి, కాగితం మీద లాభాలు చూపింది. 1999లో కూలినప్పుడు దాదాపు 11,000 మంది, సుమారు 57 కోట్ల డాలర్లు చిక్కుకున్నాయి. ఆడిటర్ మతసంస్థ కాదు, ఆర్థర్ ఆండర్సన్ అనే పెద్ద ఆడిట్ సంస్థ. ఫౌండేషన్‌లో మునుపు పనిచేసిన ఒక అకౌంటెంట్ 1997లోనే ఆడిట్ బృందంలోని మనిషికి విషయం చెప్పినా ఆడిట్ నివేదికలు శుభ్రంగానే వెలువడ్డాయి. 2002లో ఆండర్సన్ 21.7 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఎన్‌రాన్ కంపెనీ కుంభకోణం హోరులో ఆ వార్త చాలామంది చూడనైనా లేదు.

ఇన్ని చెడ్డ ఉదాహరణల మధ్య ఒక మంచిది చెప్పడం న్యాయం. న్యూ ఎరా పడిపోయాక, ముందు చేరి రెట్టింపు పుచ్చుకున్న సంస్థలు కొన్ని వందల్లో ఉన్నాయి. అది తెలియక పుచ్చుకున్న పరుల సొమ్ము. ఎవరెంత తిరిగివ్వాలో కోర్టు ఒక్కొక్కరి మీదా తేల్చాలంటే ఏళ్ళు పట్టేది. క్రైస్తవ సంస్థలు చాలావరకు ఒక తాటిమీదకు వచ్చి, పుచ్చుకున్నది వెనక్కి ఇచ్చి, నష్టపోయినవారికి పంచే ఒప్పందానికి దిగాయి. పెద్ద మోసాలలో బాధితులకు ఆ స్థాయిలో సొమ్ము తిరిగిరావడం అరుదు.

ఈ విద్యాలయాల అసలు బలం ప్రచార పత్రాల్లో ఎక్కువగా కనపడని చోట ఉంది. లాభాపేక్ష లేని సంస్థల అకౌంటింగ్‌లో. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇది ప్రభుత్వ లెక్కలతో కలిపి ఒక కోర్సులో సగం. చర్చిలు, మిషన్ ఆసుపత్రులు, పాఠశాలలు తమ పట్టభద్రులను పిలిచి ఉద్యోగాలిచ్చే చిన్న క్రైస్తవ కాలేజీలో ఇది రోజువారీ అన్నం. ఒక దాత పేద విద్యార్థుల ఫీజుకని 10,000 డాలర్లు ఇచ్చాడు. అదే నెలలో హాస్టలు కప్పు కారుతోంది. ఖాతాలో డబ్బుంది, తర్వాత సర్దవచ్చు అనిపిస్తుంది. సర్దకూడదు. దాత షరతు ఉన్న నిధి, షరతులేని నిధి అని రెండు వరసలుగా చూపాలి. ఒకదాన్ని ఇంకోదానికి వాడితే అది వాగ్దానభంగం. పాస్టర్ల పన్ను మరో చిక్కుముడి. ఆదాయపన్నుకు ఉద్యోగిగా, సామాజిక భద్రత పన్నుకు స్వయం ఉపాధి పొందే మనిషిగా ఒకే వ్యక్తి ఒకే ఏడాది రెండు వేషాలు వేస్తాడు. ఇంటి భత్యానికి ఇంకో నియమం. వీటిని చేత్తో చేసి నేర్చుకున్నవారికి పనికి కొరత ఉండదు, జీతం మాత్రం పెద్ద ఆడిట్ సంస్థలు ఇచ్చినంత రాదు.

కానుకల లెక్కింపు దగ్గర ఈ చదువు కళ్ళకు కడుతుంది. చందా సంచి ఒక్కరు తెరవకూడదు. బంధువులు కాని ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. బ్యాంకులో వేసే మనిషి వేరు, పద్దు రాసే మనిషి వేరు. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చేవారు ఇంకొకరు. ముప్పై ఏళ్ళుగా కోశాధికారిగా ఉన్న పెద్దమనిషి ఇది తనమీద అనుమానమని నొచ్చుకుంటారు. తిరుమల పరకామణిలో హుండీ డబ్బు లెక్కించేవారు జేబుల్లేని బట్టలతో కూర్చోవడం చూసిన తెలుగువారికి దీన్ని వివరించనక్కరలేదు. వాళ్ళ భక్తిని ఎవరూ శంకించలేదు. జేబులు మాత్రం ఉంచలేదు.

అమెరికాలో చర్చిలకు ఫారం 990 దాఖలు చేసే బాధ్యత లేదు. మిగతా ధర్మసంస్థలకు ఉంది. అంటే బయటివారి కన్ను పడే అవకాశం అత్యంత తక్కువ ఉన్నచోటే నమ్మకం అత్యంత ఎక్కువ. ఈ లోటు తెలిసే ఇవాంజెలికల్ సంస్థలు 1979లో తమకోసం ఆర్థిక జవాబుదారీ మండలి ఒకటి పెట్టుకున్నాయి. సభ్యులు తమ లెక్కలు బయటపెట్టాలి. చేరడం ఐచ్ఛికం కావడంతో, ఎక్కువ అవసరం ఉన్నవారే చేరకుండా ఉండిపోయే వీలుంది.

తెలుగు నేల మీద క్రైస్తవ కాలేజీలో అకౌంటింగ్ అంటే వేరే అర్థం. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది, విజయవాడ ఆంధ్ర లొయోలా 1953 నాటిది, బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ ఉంది. వీటిలో బి.కాం. చదివినవారిలో హిందువులు, ముస్లిములు ఎందరో. ఇక్కడ క్రైస్తవం యాజమాన్యంలో, క్రమశిక్షణలో, ఉదయపు అసెంబ్లీలో ఉంటుంది. మతబోధ క్రైస్తవ పిల్లలకు, నీతిబోధ మిగతావారికి. ఆవర్జా, అంకణాల పాఠంలోకి బైబిల్ రాదు. మిషనరీ కాలేజీలో చదివాడంటే మన దగ్గర ఇంగ్లీషు బాగా వస్తుందనీ, ఆలస్యంగా వెళితే గేటు మూసేస్తారనీ అర్థం.

ఇంకో బంధం హైదరాబాదులో ఉంది. పెద్ద ఆడిట్ సంస్థలకు ఇక్కడ వేల ఉద్యోగులతో కార్యాలయాలున్నాయి. అమెరికా కంపెనీల ఆడిట్ పనిలో, పన్ను పత్రాల్లో కొంత భాగం ఇక్కడే తయారవుతుంది. 2020 నుంచి సి.పి.ఎ. పరీక్ష భారతదేశంలోనే రాసే వీలుంది. కనుక ఆ లైసెన్సు కోసమే సముద్రం దాటవలసిన అవసరం తగ్గింది. మన మూడేళ్ళ బి.కాం. వాళ్ళ 120 అవర్లకు సాధారణంగా సరిపోదు, దానికి ఎం.కాం. గానీ సి.ఎ. గానీ తోడు చేసుకోవాలి.

ఇదే హైదరాబాదులో 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేఖ బయటపడింది. ఖాతాల్లో ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేవు. ఆ లేని సొమ్ముమీద రావలసిన వడ్డీ అంటూ 376 కోట్లు కూడా రాసుకున్నారు. మేయర్ లెక్కను ఇక్కడ వేసి ఉంటే ఏమయ్యేది? బహుశా దొరికేది కాదు. న్యూ ఎరా వడ్డీ రాయడం మరిచి దొరికింది. సత్యం వడ్డీ కూడా రాసి ఆ దారి మూసింది. అక్కడ పనికొచ్చేది తోమా పద్ధతి ఒక్కటే. కంపెనీ ఇచ్చిన డిపాజిట్ రసీదులు పక్కనపెట్టి, నేరుగా బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తెప్పించుకోవడం. ఆడిటర్లు ఆ పని సరిగా చేయలేదన్నదే తర్వాత వాళ్ళ మీద వచ్చిన ప్రధాన అభియోగం.

అమెరికాలోని ఏదో ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోబోయే విద్యార్థి అక్కడివారిని సి.పి.ఎ. ఉత్తీర్ణత ఎంత, బైబిల్ క్రెడిట్లు ఎన్ని, సంతకం పెట్టవలసిన నియమావళిలో ఏముంది అని ఎలాగూ అడుగుతాడు. అడగకుండా చేయగల పని ఒకటుంది. ఆ సంస్థ ఫారం 990 దాఖలు చేసేదైతే, చాలావరకు అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చర్చిలో భాగంగా ఉండి దాఖలు చేయనిదైతే ఆ సంగతీ తెలుస్తుంది. అందులో పెట్టుబడుల మొత్తం ఒకచోట, వాటిమీద వచ్చిన ఆదాయం మరోచోట ఉంటాయి. ఒకదాన్ని మరోదానితో భాగించి చూడటానికి దరఖాస్తు రుసుము కట్టనక్కరలేదు.